ఒకటో కుర్చీ, రెండో కుర్చీ

ఆ మధ్యాహ్నం పన్నెండో బల్ల చుట్టూ పదకొండు మంది కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద పొట్ట ఉన్నాయన లేచి నిలబడి, ప్లేటును వేలితో అవతలికి నెట్టి, హోటలంతా వినబడేలా కేకలు మొదలుపెట్టాడు.

"పుట్టగొడుగులు నేనడిగానా? అడిగానా నేను? కాయితం ముక్క మీద రాసుకోకుండా పదకొండు మందికి తెస్తానని చేతులు కట్టుకుని నిలబడితే ఇలాగే తగలడుతుంది! పిలవండి మీ యజమానిని!"

యజమాని పరుగున వచ్చాడు. పెద్ద సర్వరు మాత్రం నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదలలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, బల్ల అంచు వైపు చూస్తూ, చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

"ఒకటో కుర్చీ, టమాటా సూపు. నిన్నటినుంచి కడుపు బాగాలేదు, మిరియాలు వద్దన్నారు. రెండో కుర్చీ, వాళ్ళు ఏది తింటే నాకూ అదే అన్నారు. మూడో కుర్చీ, చిన్నబాబు. పాస్తా వేరుగా, సాస్ వేరుగా, రెండూ ఒకదానికొకటి తగిలితే ఏడుస్తానన్నారు." ఇలా ఒక్కొక్కటే వప్పజెప్పుకుంటూ పోయి ఆరో కుర్చీ దగ్గర ఆగాడు. "ఆరో కుర్చీ, తమరు. 'పుట్టగొడుగులు వేయమను, బాగా దట్టించమను. మా ఆవిడకి వాటి వాసనే గిట్టదు, ఇవాళైనా నా ప్లేట్లో చెయ్యి పెట్టకుండా ఉంటుంది' అన్నారు. అప్పుడు ఏడో కుర్చీ అమ్మగారు ఫోన్లో మాట్లాడుతున్నారు."

ఏడో కుర్చీ ఆవిడ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "ఓహో. అందుకా ఇవాళ పుట్టగొడుగుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది? నీ ప్లేట్లో చెయ్యి పెట్టడం నీకంత కష్టంగా ఉందా?"

చిన్నబాబు కూడా నవ్వాడు. పొట్టాయన కూర్చుని, ప్లేటు తనే దగ్గరికి లాక్కుని, ఆఖరి పుట్టగొడుగు దాకా తిన్నాడు. నేను హాలు మూల తెర వెనక న్యాప్‌కిన్ నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ న్యాప్‌కిన్ మళ్ళీ ఉతుక్కోవలసి వచ్చింది.

ఆ పెద్ద సర్వర్ని హోటల్లో అందరూ పలక అనేవాళ్ళు. ఎవరేం చెప్పినా తలలో రాసి పెట్టుకుంటాడని. నేను తమ్ముడూ అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. మా ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చే పుట్టినతేదీలు ఇద్దరికీ లేవు. నోరు పెద్దది కాబట్టి నేను అక్కనయ్యాను. ఆయన పోయి రెండేళ్ళు. పోయేముందు చాలా ఏళ్ళు బస్సుల షెడ్డు క్యాంటీన్లో, చిన్న కిటికీ వెనక కూర్చుని, చెయ్యి చాపిన వాళ్ళకి టీ గ్లాసులు అందించాడు. ఇరవైరెండు బల్లల ఇటాలియన్ హోటల్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి అక్కడికి ఎలా చేరాడో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, ఈ సంగతి చదవకూడని మనిషి ఒకావిడ బతికుంది. మొన్న ఎండాకాలంలో ఆవిడా కన్నుమూసింది. ఇక రాస్తాను.

నా పని బల్లగుడ్డలు, న్యాప్‌కిన్లు. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం, మడతలు వేయడం. వంటగది వెనక కిటికీ లేని గది నాది. ఆవిరికి గోడ సున్నం పొరలు పొరలుగా లేచి, నా జుట్టు మీద రాలేది. రోజుకి నాలుగైదు సార్లు మడతల దొంతర పట్టుకుని హాల్లోకి వెళ్ళి, మూలనున్న చెక్క తెర వెనక బీరువాలో సర్దాలి. ఫోర్కులూ కత్తులూ ఉండేది కూడా అక్కడే. తెర దాటి అవతలికి నేను పోకూడదు. వెనక గదుల మనుషులు అతిథులకి కనబడితే తిండి మీద మోజు పోతుందని యజమాని అభిప్రాయం. నన్ను చూస్తే ఎవరికి మోజు పోతుందో ఆయన్నే అడగాలనుకునేదాన్ని, అడగలేదు. తెర చెక్కల మధ్య సందుల్లోంచి నాకు హాలంతా కనబడేది. నేనొక్కదాన్నే ఎవరికీ కనబడేదాన్ని కాదు.

పలక పని చేసే పద్ధతి ఇది. ప్రతి బల్లకీ వంటగది తలుపుకి దగ్గరగా ఉన్నది ఒకటో కుర్చీ. అక్కణ్ణుంచి ఎడమవైపుకి రెండు, మూడు, నాలుగు. ఎవరేం అడిగారన్నది ఆయన మనిషికి కాదు, కుర్చీకి తగిలించుకునేవాడు. వంటగది కిటికీ దగ్గరికెళ్ళి, "రెండో బల్ల, ఒకటో కుర్చీ ఇది, రెండో కుర్చీ ఇది" అని గడగడా చెప్పేవాడు, పెద్ద వంటాయన చీటీ రాసుకుని మేకుకి గుచ్చేవాడు. ప్లేటు తయారయ్యాక ఏ కుర్చీది ఆ కుర్చీ ముందు, కుడివైపు నుంచి, చప్పుడు కాకుండా పెట్టడం. "ఇది ఎవరికండీ" అని అడగడం ఆ హోటల్లో మహాపాపం. అలా అడిగితే టీ కొట్టుకీ మనకీ తేడా ఏముందని యజమాని విరుచుకుపడేవాడు. అతిథులు మాటల్లో ఉంటే ప్లేటులో ఉన్నదాని పేరు చెప్పి అడ్డురాకూడదు కూడా.

ఇంతకీ పలక రాసుకోకపోవడానికి కారణం గొప్పతనం కాదు. ఆయనకి అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు గిన్నెలు కడగడానికి చేరి, నిలువుకాళ్ళ మీదే పెరిగి పెద్దవాడయ్యాడు. ఈ సంగతి ఆయన భార్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. యజమాని అదేదో విద్య అనుకుని, "మా దగ్గర రాసుకోరండీ" అని వచ్చినవాళ్ళకి గొప్పలు చెప్పేవాడు.

మొహాలు ఎందుకు చూడవని ఒకసారి అడిగాను.

"నాకు పని నేర్పిన ముసలాయన చూడొద్దన్నాడక్కా. మొహం చూస్తే ఒకరు నచ్చుతారు, ఒకరు నచ్చరు. నచ్చనివాడికి సూపు చల్లారాక తీసుకెళ్తాం. కుర్చీ అయితే ఏ గొడవా లేదు, కుర్చీ మీద కోపమేం వస్తుంది?"

ఆయన భార్య ఆస్పత్రిలో ఆయా. మంచి మాటకారి. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా ముందే అనేది, "వదినా, మీ తమ్ముణ్ణి కళ్ళు మూసుకుని నా మొహం ఎలా ఉంటుందో చెప్పమను. చచ్చినా చెప్పలేడు. ఇంట్లో నేను గోడ పక్కనున్న రెండో కుర్చీని, అంతే." ఆయన నిజంగానే కళ్ళు మూసుకుని ఆలోచించి, "ముక్కు ఉంటుంది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

కుర్చీల లెక్కకి ఒకటే చిక్కు. కొంతమంది అతిథులు ఆర్డర్ ఇచ్చాక చోటు మారతారు. కిటికీ పక్కన కూర్చుంటామని ఒకరు, పాపని మధ్యలో కూర్చోబెడతామని ఒకరు. ఆయన వంటగదిలో ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే ఇదంతా జరిగేది. ఆ చిక్కు విప్పేది నేను. ఫోర్కుల కోసం ఆయన తెర వెనక్కి రాగానే, "ఐదో బల్ల, మూడూ నాలుగూ తారుమారు" అని చెవిలో వేసేదాన్ని. ఆయన తలూపి వెళ్ళేవాడు. ఏళ్ళ తరబడి ఒక్క ప్లేటు తప్పలేదు. ఆ పేరంతా ఆయనకే వచ్చింది, రానిమ్మనుకున్నాను. నా వాటా నాకు తెలుసు.

గుమ్మం దగ్గర తోలు అట్ట పుస్తకం ఒకటి ఉండేది. తిన్నవాళ్ళు ఎలా ఉందో అందులో రాసి వెళ్ళాలి. సోమవారం హోటల్‌కి సెలవు, కడుగుళ్ళ రోజు. ఆ పొద్దున పలక పుస్తకం చంకలో పెట్టుకుని నా గదికొచ్చి, తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చునేవాడు. నా మూడో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి వినిపించేదాన్ని.

ఒకే రోజు ఒకే వంట తిన్నవాళ్ళేనా వీళ్ళు అనిపించేది. ఒకరు: "ఇక్కడ పాస్తా తిన్నాక ఇంకెక్కడా తినబుద్ధి కాదు." దాని కిందే ఇంకొకరు: "పాస్తా సగమే ఉడికింది. అడిగితే అదే పద్ధతన్నారు. మా ఇంట్లో అయితే దాన్ని పద్ధతనరు, గ్యాసు అయిపోయిందంటారు." ఒకావిడ: "దీపాల వెలుగు ఎంత హాయిగా ఉందో." ఒకాయన: "ప్లేట్లో ఏముందో తడుముకుని తిన్నాను, చివర్లో చూస్తే అలంకారానికి పెట్టిన కొమ్మ కూడా తినేశాను." ఒక జంట పెళ్ళిరోజుకి వచ్చి, ఏడ్చినంత పని అయిందని రాశారు, సంతోషంతోనేనట. ఇంకొకాయన బండిచక్రమంత ప్లేటు, నడిమధ్యన మూడు ముద్దలు అని రాసి, దాని బొమ్మ కూడా గీశాడు. చక్కగా గీశాడు.

పలక గురించి కూడా అంతే. "పెద్ద సర్వరు మనిషి కాదు, అద్భుతం" అని కొన్ని. "చూడనే చూడడు, గోడతో మాట్లాడినట్టుంది" అని కొన్ని. మంచివి చదివితే బకెట్ మీద కాస్త నిటారుగా కూర్చునేవాడు. చెడ్డవి చదివితే, "మళ్ళీ చదువక్కా" అని రెండోసారి వినేవాడు.

ఒక సోమవారం చదివిన ముక్క నాకు అక్షరంతో సహా గుర్తుంది. "మీ పెద్ద సర్వరు వచ్చినప్పుడూ వెళ్ళినప్పుడూ తల వంచాడు. చాలా మర్యాద. కాకపోతే ఆ మర్యాద నాకు కాదు, నా కుర్చీకి. నా బదులు బియ్యం బస్తా కూర్చున్నా అలాగే వంచేవాడు."

నాకు నవ్వాగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. "బియ్యం బస్తా! ఎంత బాగా పట్టుకున్నాడు తమ్ముడూ నిన్ను!"

ఆయన మొహం మాడిపోయింది. "నవ్వడానికేముంది అందులో?"

"నిజం ఉంది, ఇంకేముండాలి?"

"మూడో తరగతి చదువుకే ఇంత విషమా అక్కా? ఇంకో రెండు చదివుంటే మనుషుల్ని బతకనిచ్చేదానివి కాదు."

"ఆ మూడూ లేకే కదా నువ్వొచ్చి నా గుమ్మంలో కూర్చుంటున్నావు!"

అనకూడని మాట అది. ఆ సంగతి తెలిసిన ఇద్దరిలో ఒకదాన్ని నేను, దాన్నే ఎత్తి ఆయన మొహాన కొట్టాను. ఆయన లేచి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోర్కుల కోసం తెర వెనక్కి వచ్చినప్పుడు నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. ముందు ఆయన పలకరించాలని నేను, నేను క్షమాపణ అడగాలని ఆయన. మంగళ, బుధ, గురు అలా గడిచిపోయాయి. ఆ మూడు రోజుల్లో ఎవరూ చోటు మారలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండో బల్ల దగ్గరికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందట, తల్లిని పెద్ద హోటల్‌కి తీసుకొచ్చింది. చేతిలో కొత్త బ్యాగు, దాని పట్టీకి కట్టిన ధర చీటీ ఇంకా తియ్యలేదు. ఒకటో కుర్చీలో కూతురు, రెండో కుర్చీలో తల్లి. తల్లి ప్రతిదానికీ, "ఇది ఎలా తింటారే?" అని అడుగుతోంది, కూతురు నవ్వుతోంది.

పలక వెళ్ళి నిలబడ్డాడు. తల్లి ఏదో ఇటాలియన్ పేరు కూడబలుక్కుని చెప్పింది, అది అక్రోటు, అంటే వాల్‌నట్ పప్పు నూరి చేసే తెల్ల సాస్ పాస్తా. కూతురు చీజ్‌తో చేసే తెల్ల సాస్‌ది చెప్పి, "అంకుల్, నాకు నట్స్ పడవు. ఏ రకమూ పడదు. కొంచెం తగిలినా ప్రమాదం. వంటవాళ్ళకి గట్టిగా చెప్పండి" అంది. గొంతు గంటలా ఉంది, తెర వెనక నాకే స్పష్టంగా వినిపించింది. ఆయన తల వంచి వంటగదిలోకి వెళ్ళాడు. గట్టిగానే చెప్పాడు. పెద్ద వంటాయన చీటీ మీద రాసి కింద రెండు గీతలు గీశాడు. వేరే మూకుడు, వేరే గరిటె వాడారు.

ఆ రెండు నిమిషాల్లో తల్లి భుజాలు రుద్దుకుంది. ఏసీ గాలి సరిగ్గా రెండో కుర్చీ మీదకి కొడుతుంది, ఆ కుర్చీ సంగతి మాకందరికీ తెలుసు. ఆవిడేదో అంది, కూతురు వెంటనే లేచింది. ఇద్దరూ చోటు మారారు. మారేటప్పుడు ఎవరి గ్లాసు వాళ్ళు, ఎవరి న్యాప్‌కిన్ వాళ్ళు పట్టుకెళ్ళి, మళ్ళీ చక్కగా సర్దుకున్నారు. నేను చూస్తున్నది న్యాప్‌కిన్లనే. మడత చెడకుండా రెండు చేతులతో పట్టుకెళ్ళారు, ఎంత ఒద్దికైన మనుషులో అనుకున్నాను.

ఆయన ఫోర్కుల కోసం తెర వెనక్కి వచ్చాడు. చోటు ఇరుకు, ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలింది. నాలిక చివరిదాకా వచ్చింది. "రెండో బల్ల, తారుమారు." ఎంతసేపు పడుతుంది అది అనడానికి? ముందు నువ్వు పలకరించు, అప్పుడు చెప్తాను అనుకున్నాను. ఆ నట్స్ మాటకీ ఈ కుర్చీల మాటకీ ముడి నా తలలో ఆ క్షణం పడలేదు. పడి ఉంటే నోరు తెరిచేదాన్ని, ఒట్టు. మహా అయితే ప్లేట్లు తారుమారై, ఈయనగారి పొగరు కాస్త దిగుతుందనుకున్నాను. ఆయన ఫోర్కులు తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు ప్లేట్లూ తెల్లగా, ఒకేలా ఉన్నాయి. ఒకటో కుర్చీ ముందు చీజ్‌ది, రెండో కుర్చీ ముందు అక్రోటుది పెట్టాడు. రెండో కుర్చీలోంచి అమ్మాయి ఏదో అంది, ఆయన తల వంచి వెనక్కి తిరిగాడు.

మూడు నాలుగు ముద్దలు తిన్నారేమో. "నాది చప్పగా ఉందే" అంది తల్లి. "నాది బాగుంది, ఇదిగో రుచి చూడు" అని అమ్మాయి ఫోర్కు తల్లి వైపు చాపింది. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. గొంతు పట్టుకుంది. కుర్చీ వెనక్కి పడింది. తల్లి బ్యాగంతా కింద కుమ్మరించి వెతుకుతోంది. ఆ అమ్మాయి ఎప్పుడూ దగ్గరుంచుకునే సూదిమందు ఒకటుందట, అది పాత బ్యాగులో ఉండిపోయింది.

పలక పరుగెత్తి వచ్చి, నేలమీద కూలబడి, ఆ అమ్మాయి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆయన ఒక అతిథి మొహంలోకి చూడడం నేను అదే మొదటిసారి చూశాను. అంబులెన్సు వచ్చేదాకా కళ్ళు తిప్పలేదు. అమ్మాయి పెదవులు వాచి, మొహం గుర్తుపట్టలేనట్టయింది. ఆస్పత్రి చేరకముందే అంతా అయిపోయింది.

సాయంత్రానికల్లా యజమాని పోలీసుల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "రాసుకోమని వందసార్లు చెప్పానండీ, తలపొగరు, వినడు" అన్నాడు. వంటగది చీటీ మేకుకే ఉంది, వంటవాళ్ళ తప్పేం లేదని తేలిపోయింది. మిగిలింది ప్లేట్లు పెట్టిన చెయ్యి. పలకని ఎందుకలా పెట్టావని అడిగితే, "తప్పు నాదే" అన్నాడు, అంతకుమించి నోరు విప్పలేదు. ఆ రోజే పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు, బెయిలు మీద ఇంటికి పంపినా జైలు తప్పదని అందరూ అనుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. గోడలని అడుగుతారా? నేను కూడా అడగని మాట ఎందుకు చెప్పాలని వారం పాటు బల్లగుడ్డలు మాడ్చుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్తే నా మౌనం కూడా బయటపడుతుంది. అదీ నా భయం, దాచడమెందుకు.

పదో రోజు మధ్యాహ్నం ఆ తల్లి వెనక సందులోంచి నా గదికే వచ్చింది. ఆవిరిలో మొదట గుర్తుపట్టలేదు.

"ఆ రోజు మీరు తెర వెనక ఉన్నారని గేటు దగ్గరాయన చెప్పాడమ్మా," అంది. "ఒక్క మాట అడుగుతాను. నాకు చలేసింది, కుర్చీ మారదామే అని నేనే అన్నాను. అది గుర్తుంది. ఎప్పుడన్నానో గుర్తు రావడం లేదు. పడుకున్నా అదే, లేచినా అదే. ఆర్డర్ ఇవ్వకముందు అన్నానా, ఇచ్చాక అన్నానా? ముందే మారి ఉంటే ఆ సర్వరు చూసుకోలేదు, తప్పు ఆయనది. తర్వాత మారి ఉంటే..."

ఆవిడ ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

నా జన్మలో ఎవరికీ జవాబు వాయిదా వేసినదాన్ని కాదు. ఆ రోజు వేశాను. "గుర్తు తెచ్చుకుని చెప్తానమ్మా. రేపు రండి" అన్నాను.

ఆవిడ సందు మలుపు తిరగ్గానే ఇస్త్రీ పెట్టె ఆపేసి పలక ఇంటికి నడిచాను. కుట్టుమిషన్ల కొట్టు వెనక రెండు గదులు వాళ్ళవి. అవతల మిషన్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆయన గోడవైపు తిరిగి మంచం మీద కూర్చున్నాడు, గడ్డం పెరిగింది. భార్య నన్ను చూసి, "రా వదినా, ఇప్పటికి దారి దొరికిందా?" అంది. నిష్ఠూరమే, పడ్డాను.

నిలబడే అంతా చెప్పాను. వాళ్ళు చోటు మారడం నేను చూశానని. ఆయన వంటగదిలో ఉన్నప్పుడే మారారని. మోచెయ్యి తగిలినా పంతానికి చెప్పలేదని. ఆయన తిడతాడనుకున్నాను, చెయ్యి చేసుకున్నా ఊరుకుందామనుకున్నాను. "రేపు ఆవిడకి చెప్తాను, అటునుంచటే పోలీసుల దగ్గరికెళ్ళి చెప్తాను. నా పని ఊడితే ఊడుతుంది. నీ మీద కేసు నిలవదు తమ్ముడూ" అన్నాను.

భార్య నా చేతులు రెండూ పట్టుకుంది. "ఇవాళే వెళ్ళు వదినా. రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే వెళ్దాం, నేనూ వస్తాను. ఈ మనిషి అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"ఆగు" అన్నాడాయన, ఇంకా గోడవైపే చూస్తూ. "ఆవిడ ఏమడిగిందో సరిగ్గా చెప్పక్కా. ఆవిడ మాటల్లోనే చెప్పు."

చెప్పాను. ముందా, తర్వాతా అని.

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ప్లేటు పెట్టాక ఆ పిల్ల 'థాంక్యూ అంకుల్' అంది. నట్స్ వద్దని చెప్పిన గొంతు అదే. ఆ గొంతు ఒకటో కుర్చీలోంచి విన్నాను, ఇప్పుడు రెండో కుర్చీలోంచి వచ్చింది. నాకు వినబడిందక్కా. వినబడి ఒక్క అడుగు ఆగాను కూడా. ఇదేంటి అనుకున్నాను. లెక్క తప్పదులే అనుకుని వెళ్ళిపోయాను. నువ్వు చెప్పలేదు సరే. ఆ పిల్లే చెప్పింది కదా నాకు."

"చెవికి పొరపాటు రాదా? ఎవరికైనా వస్తుంది!" అంది భార్య. "వాళ్ళు మారకపోయుంటే ఇదంతా ఉండేదా? నీకేం పట్టింది జైల్లో కూర్చోవడానికి?"

"వాళ్ళు కాదు, ఆవిడ. ఆవిడకి చలేసింది. చలెయ్యడం తప్పా?"

"మరి నేను? రేపు నేనెవరి మొహం చూడాలి?" భార్య నావైపు తిరిగింది. "వదినా, నువ్వు వినకు. ఆయన మాట వినకు."

ఆయన మంచం దిగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నన్ను తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు.

"కేసు నా ఒక్కడి మీద ఉంది. ఎన్నాళ్ళో అన్నాళ్ళు ఉండి వస్తాను, అది అయిపోతుంది. ఆవిడకి అలా అయిపోయేది కాదు. నువ్వు నోరు జారితే ఆవిడ ఆ కుర్చీలోంచి బతికున్నన్నాళ్ళూ లేవదు. రేపు వస్తే, ఆర్డర్ ఇవ్వకముందే మారారని చెప్పు. నేను బల్ల దగ్గరికి రాకముందే మారి కూర్చున్నారని, నువ్వు నీ కళ్ళతో చూశావని చెప్పు. పోలీసులు అడిగినా అదే చెప్పు. ఆవిడ నమ్మలేక మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి వస్తుందేమో. ఎన్నిసార్లు అడిగినా, విసుక్కోకుండా, అదే చెప్పక్కా."